మైకులో చెప్పుకున్న మాఫీ

కరెంటాఫీసులో కొత్తగా చేరిన పిల్లోళ్ళు ఆదివారం పూట అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. వచ్చినోళ్ళు టీ తాగి ఊరికే పోరు. "నీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి చెప్పు సార్" అంటారు. గాలివానకు స్తంభాలన్నీ పడిపోతే నేనొక్కన్నే నిలబెట్టినాననో, మండిపోతాండే ట్రాన్స్‌ఫార్మర్ను ఆర్పినాననో చెప్తానని వాళ్ళ ఆశ. పాపం! నేను చేసింది సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఉద్యోగం. సర్వీసంతా కుర్చీలో కూర్చొని, మీటర్లు చూసి, బుక్కులో అంకెలు రాసినోన్ని.

నాకు మరిచిపోలేనిది ఏదన్నా ఉంటే అది నేను చేసిన ఒక వెధవపని. అది చెప్తే పిల్లోళ్ళు మొదట ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, తర్వాత పడిపడి నవ్వుతారు. ఎన్నిసార్లని నోటితో చెప్పేది? ఈసారి రాసి పెడ్తాండా. పేర్లు రాయను. ఊరి పేరూ రాయను. కదిరికి, గోరంట్లకు మధ్యన యాడనో ఒక సబ్‌స్టేషన్ అనుకోండి, చాలు. ఆ మనుషులందరూ ఇంకా ఉండారు. వాళ్ళ నోళ్ళు కూడా ఇంకా బాగానే పనిచేస్తాండాయి.

మా పనిలో ఒక్క సంగతి తెలిస్తే మిగతా కతంతా అర్థమైపోతాది. దాన్ని ఎల్.సి. అంటాం, లైన్ క్లియర్ అని. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఆపరేటరుకు ఫోన్ చేసి "ఫలానా లైనులో పనుండాది, కరెంటు తియ్యి" అంటాడు. ఆపరేటరు కరెంటు తీసేసి, బుక్కులో రాసుకొని, ఒక నంబరు చెప్తాడు. పని అయిపోయినాక ఆ లైన్‌మనే, తన నోటితోనే, అదే నంబరు చెప్పి "నేను దిగినా, ఇంక ఇయ్యి" అనల్ల. వాళ్ళ నాయన చెప్పినా చెల్లదు, వాళ్ళ ఆఫీసరు చెప్పినా చెల్లదు. ఎల్.సి. ఎవరు తీసుకున్నారో వాళ్ళే తిరిగియ్యల్ల. ట్రైనింగులో మొదటిరోజు మాకు నేర్పిన పాఠం అది. నేను మరిచిపోయిందీ అదే.

మా లైన్‌మన్ నాకంటే ఐదేండ్లు పెద్ద. అన్నా అని పిలుస్తాంటి. మనిషి సన్నగా ఉంటాడు గానీ నోరు తెరిస్తే పచ్చిమిరపకాయే. ఆయన ఆంజనేయస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉండేటోడు. నేను కిరస్తానం వాన్ని, మా నాయన కాలం నుంచి. "ఏమప్పా, మీ దేవునికి ఆదివారం ఒక్కటే డ్యూటీనా? మిగతా ఆర్రోజులు వీక్లీ ఆఫా?" అని గిచ్చేటోడు. "మీ స్వామికి శనివారం ఒక్కటే కదన్నా, మా దేవుడు నయం, పాటలన్నా పాడించుకుంటాడు" అని నేననేటోన్ని. ఇద్దరం ఒక ప్లేటులో బొరుగుల ఉగ్గాని తిన్నోళ్ళం. మా చర్చికి మైకుసెట్టు కొన్నప్పుడు, ఎదురుగా ఉండే స్తంభం ఎక్కి హారన్ కట్టిందీ ఆయనే. "మీ దేవుని సౌండు నా చేతుల్లో ఉండాది, జాగ్రత్త" అన్నాడు దిగి.

ఆయనకొక అలవాటు. ఒకసారి పైనుంచి ఫోను జారిపడి పగిలిపోయిందని, స్తంభం ఎక్కేముందు ఫోన్ను బైకుకు తగిలించిన సంచిలో పెట్టి ఎక్కేటోడు. పని అయినాక దిగి, సంచిలోంచి ఫోన్ తీసి నాకు చేసేటోడు.

ఆ పొద్దు మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఊరిబయట స్తంభం మీద తీగల్ని కలిపే జంపరు తెగిందని ఎల్.సి. తీసుకున్నాడు. బోర్ల కింద చెనిక్కాయ ఊడలు దిగే టైము. ఆ టైములో ఒక తడి తప్పితే కాయ పట్టదు, ఆ ఏడు పంట గోవిందా. అందుకే మా గేటు కాడ పదిమంది రైతులు బైకులేసుకొని వచ్చి నిలబడినారు. "ఏమప్పా, చేను ఎండినాక ఇస్తావా కరెంటు? మా దినాలకు ఇస్తావా?" అని ఒగడు. "లోపల ఫ్యాను కింద కూర్చునేటోనికి ఎండ తెలుస్తాదా?" అని ఇంకొగడు. ఫ్యాను తిరగడంలేదురా నాయనా, నేనూ ఉడికిపోతాండా అని అరిస్తే ఎవడు వింటాడు? ఒగడైతే చచ్చిపోయిన మా నాయన పేరెత్తి తిట్టినాడు. నాకు ముక్కు మీదుంటాది కోపం. లోపల సలసలా కాగుతాండా.

అప్పుడు ఫోను మోగింది. చూస్తే లైన్‌మన్ నంబరు. ఎత్తినా.

"అన్నా, అయిపోయింది. ఇచ్చెయ్యమంటాండాడు."

ఆ గొంతు లైన్‌మన్‌ది కాదు. ఆ స్తంభం పక్క చేను రైతుది. వాని చేనూ ఎండుతాంది కదా, తొందర పట్టలేక సంచిలోంచి ఫోన్ తీసి చేసినాడు. పైనుండే మనిషి దిగేలోపల కరెంటొస్తే ఏమవుతాదో వానికి తెలీదు. నాకు తెలుసు. నంబరు అడగల్ల అని గుర్తుకూడా వచ్చింది. సరిగ్గా ఆ టైములోనే గేటు కాడ వాడు ఈసారి మా అమ్మ పేరెత్తినాడు. "తీసుకోండి, చావండి!" అని కరెంటిచ్చే బ్రేకరు వేసేసినా.

లైన్‌మన్ పని ముగించి, రక్షణకు తగిలించిన ఎర్త్ రాడ్లు తీసేసి, బెల్టు విప్పి దిగబోతాండాడు. చెయ్యి తీగకు జానెడు దూరంలో ఉండాది. పైన టప్పుమని మంట లేచింది. మనిషి చేతులు వదిలేసినాడు. కింద పోయిన పంట చెనిక్కాయ కట్టె వామి ఉండబట్టి బతికినాడు. వామి మీద పడి, ఆడనుంచి జారి బండరాయి మీద పడినాడు. కుడికాలు రెండుచోట్ల విరిగింది, చెయ్యి కమిలింది.

నాకు కబురొచ్చింది. ఆ తర్వాత నా చెయ్యి ఏం చేసిందో నాకే తెలీదని చాన్నాళ్ళు చెప్పుకుంటి. అబద్ధం. బాగా తెలిసే చేసింది. బుక్కు ముందుకు లాక్కొని, లైన్‌మన్ తానే ఫోన్ చేసి, నంబరు చెప్పి, ఎల్.సి. తిరిగిచ్చినాడని రాసినా. పక్కన టైము కూడా వేసినా.

ఎంక్వైరీ జరిగింది. ఆయన ఆస్పత్రి మంచం మీదనుంచి "నేను చెయ్యలేదు సార్, నా ఫోను సంచిలో ఉండాది" అన్నాడు. ఫోన్లో చూస్తే ఆయన నంబరు నుంచే నాకు కాల్ వచ్చినట్లుండాది. బుక్కులో నా రాత ఉండాది. ఆ రైతు భయపడి నోరు కుట్టేసుకున్నాడు. ఇంకేముంది? స్తంభం మీదుండంగానే ఎల్.సి. తిరిగిచ్చి తన కాలు తానే ఇరగ్గొట్టుకున్నాడని తేల్చి, ఆయనకే మెమో ఇచ్చినారు. ఆ ఏడు రావాల్సిన ప్రమోషన్ ఆగిపాయె. దానికన్నా ఆయన్ను కోసింది టీ అంగడి కాడ మాట. స్తంభం మీద కూర్చొని కరెంటియ్యమన్నోడు అని కుర్ర లైన్‌మన్లు నవ్వుకునేది. అంత జాగ్రత్త మనిషికి ఆ పేరు!

నాకు సంగటి దిగల్యా. చర్చిలో పాట ఎత్తుకుంటే చరణం మరిచిపోతాండా. నేను సంఘపెద్దను కూడా, ప్రభువు బల్ల రోజు రొట్టె పళ్ళెం పట్టుకొని తిరిగేటోన్ని. ఉండబట్టలేక ఒక శుక్రవారం మా అయ్యగారి దగ్గరికి పోయినా. మా పాస్టరును అందరం అయ్యగారే అంటాం. మంచి మనిషి, ఎవరు ఏడ్చినా తానూ ఏడ్చేస్తాడు. "నా వల్ల ఒకరికి దెబ్బ తగిలింది అయ్యగారూ" అని మొదలుపెట్టినా. అంతవరకే చెప్పినా. బుక్కు సంగతి నోటిదాకా వచ్చి ఎనక్కి పోయింది. ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, ఒప్పుకున్నోన్ని దేవుడు తోసెయ్యడని ప్రార్థన చేసినాడు. ఇద్దరం ఏడ్చినాం. బయటికొస్తే ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ రాత్రి మూడు ముద్దల సంగటి తిన్నా.

ఆదివారం ఆరాధనలో "సాక్ష్యం చెప్పేటోళ్ళు ఎవరన్నా ఉండారా?" అన్నారు. నేను లేచినా. నాకు మైకు దొరికితే పండగే. "సహోదరులారా, నా వల్ల ఒక సహోదరునికి దెబ్బ తగిలింది. నేను నిద్ర లేకుండా కుమిలిపోయినా. ప్రభువు పాదాల కాడ పడినా. ఆయన నన్ను క్షమించినాడు! నాకిప్పుడు సమాధానం దొరికింది!" అన్నా. అందరూ హల్లెలూయ అన్నారు. ముసలమ్మలు కొంగుతో కండ్లు తుడుచుకున్నారు. నేను కూడా బాగా మాట్లాడినాననుకుంటా కూర్చున్నా. పక్కన మా ఇంటామె మాత్రం నేలచూపులు చూస్తాంది.

మరుసటిరోజు పొద్దున్నే డజను అరటిపండ్లు కొనుక్కొని లైన్‌మన్ ఇంటికి పోయినా. దెబ్బ తగిలినాక ఆయన ఇంటికి పోవడం అదే మొదలు. క్షమాపణ దొరికిన మనిషిని కదా, ధైర్యమొచ్చింది! వదిన తలుపు తీసి, నన్ను చూసి, మొహం తిప్పుకొని లోపలికి పాయె. ఆయన మంచం మీద కట్టు వేసిన కాలు చాపుకొని ఉండాడు.

"రాప్పా రా. నిన్న నీ సాక్ష్యం బాగా ఇనబడింది. హారన్ నేను కట్టిందే కదా, మా వీధికి తిప్పి కట్టినా. సౌండు బాగుండాది."

నాకు అరటిపండ్లు యాడ పెట్టల్లో తెలీలేదు.

"దేవుడు నిన్ను మాఫ్ చేసినాడంట?"

"అవునన్నా."

"మంచిది. ఎప్పుడు చేసినాడు?"

"శుక్రవారం. ప్రార్థనలో."

"శుక్రవారం నేనీడనే ఉంటి కదప్పా, ఈ మంచం మీదనే. ఒక మాట నన్ను కూడా అడిగి పోయింటే బాగుండు కదా ఆయన? కాలు నాది కదా?"

నాకు తెలిసిన వాక్యం ఎత్తుకున్నా. "మా దాంట్లో క్షమించమని ఉండాదన్నా. ఏడుసార్లు కాదు, డెబ్బై ఏడులసార్లు క్షమించమని."

"డెబ్బై ఏడులా! నాకుండేదే రెండు కాళ్ళప్పా. అందులో ఒకటి అయిపాయె."

లోపల వంటింట్లో వదిన కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. దిండు సర్దుకొని నా కండ్లలోకి చూసినాడు.

"చూడప్పా. ఆ పొద్దు నేను చెప్పకముందే ఇంకెవడో చెప్పినాడని కరెంటిచ్చేస్తివి. ఈ పొద్దు నేను చెప్పకముందే ఇంకెవరో చెప్పినారని మాఫీ అయిపాయెనంటాండావు. నేను స్తంభం దిగనేలేదు, నీకు మళ్ళీ తొందర. ఇంకొక మాట. మైకులో 'దెబ్బ తగిలింది' అంటివే. తగిలిందా, తగిలించినావా? బుక్కులో రాసింది మైకులో చెప్పకపోతివే?"

అరటిపండ్లు గడప పక్కన పెట్టి వచ్చేసినా. దోవంతా నాకు కోపమే. సిగ్గు కాదు, కోపం! నేను నా దేవునితో మాట్లాడుకుంటే ఈయనకేం నొప్పి? ఆంజనేయస్వామికి ఒక్కపొద్దుండే మనిషికి మా క్షమాపణ గురించి ఏం తెలుసు? ఇంటికొచ్చి ఇదంతా మా ఆమె ముందర వెళ్ళబోసుకున్నా. బుక్కు సంగతితో సహా చెప్పినా, ఆవేశంలో. ఆమె చేటలో కందిబ్యాళ్ళు ఏరతా వినింది.

"ఆయప్ప చెప్పింది బైబిల్లో ఉండాది. నువ్వు మైకులో చెప్పింది యాడుండాదో చూపియ్యి" అనింది.

అంతే. మళ్ళీ కందిబ్యాళ్ళు ఏరుకుంటా కూర్చునింది. అంత చిన్న మాటకు నేను ఆ పూటంతా మంచమ్మీద పడుకొని గోడ చూస్తా ఉంటి.

సాయంత్రం మళ్ళీ అయ్యగారి దగ్గరికి పోయినా. ఆవుకు గడ్డేస్తాండాడు. ఈసారి మొత్తం చెప్పినా: గొంతు వేరేదని తెలుసు, నంబరు అడగలేదు, బుక్కులో అబద్ధం రాసినా, ఆ అబద్ధంతోనే ఆయనకు మెమో వచ్చింది అని. అయ్యగారు చేతిలో గడ్డి కింద పెట్టినాడు.

"తప్పు నాది కూడా ఉండాదప్పా" అన్నాడు. "నువ్వు సగం జబ్బు చెప్తివి, నేను తొందరపడి మొత్తానికీ మందిచ్చేస్తి. క్షమించే గుణం దేవుని దగ్గర ఎప్పుడూ తక్కువ లేదు. దానికోసం నువ్వు ఆయన్ను బతిమాలాల్సిన పని కూడా లేదు. కానీ ఆయనేం చెప్పినాడు? కానుక పట్టుకొని నా దగ్గరికి వస్తాంటే, నీ మీద నొప్పి పెట్టుకున్న మనిషి ఒకడుండాడని గుర్తొస్తే, కానుక ఆడనే పెట్టి ముందు వాని దగ్గరికి పో, సమాధానపడి, ఆ తర్వాత రా అన్నాడు. దేవుడు నిన్ను క్షమించేది ఆ మనిషి కాలు దాటుకొని పొమ్మని కాదు. ఆ మనిషి దగ్గరికి పోయే ధైర్యం నీకిచ్చేదానికి. నేను నిన్ను వరస తప్పించి నడిపించినా."

"ఇప్పుడేం చెయ్యమంటావు అయ్యగారూ?"

"నేను చెప్పను. చెప్తే, అయ్యగారు చెప్పినాడు కాబట్టి చేసినా అంటావు. నీకు తెలుసు ఏం చెయ్యల్లో."

ఆ ఆదివారమే ప్రభువు బల్ల. పళ్ళెం పట్టుకునేదానికి నేను లేవలేదు. ఎనక వరసలో కూర్చున్నా. రొట్టె నా దాకా వస్తే పక్కవానికి అందించినా. చర్చి మొత్తం తిరిగి చూసింది. చూడనీలే అనుకున్నా.

సోమవారం ఆ బుక్కు సంచిలో పెట్టుకొని టౌనులో మా పెద్ద ఇంజనీరు డి.ఈ. సార్ ఆఫీసుకు బయలుదేరినా. ఉద్యోగం పోతాదేమో, పోలీసు కేసవుతాదేమో అని ఒకటే దిగులు. మా ఆమె చిత్రాన్నం కట్టిచ్చింది. "జైల్లో వేస్తే కూడా మధ్యాహ్నం తినేసే పో" అనింది. దేవుడు నాకిచ్చిన ఆడమనిషి అట్లాంటిది.

డి.ఈ. సార్ కోస్తా మనిషి. నా కాగితం చదివి కళ్ళజోడు తీసేసినాడు.

"ఏంటయ్యా ఇది? ఫైలు మూసేసి పైకి పంపించాక వచ్చావేంటి?"

"ముందు ధైర్యం లేదు సార్."

"ఇప్పుడెలా వచ్చింది? ఎవరైనా బెదిరించారా నిన్ను?"

"బెదిరించినారు సార్. మా దేవుడు, మా ఇంటామె, మా లైన్‌మన్."

ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వతానే క్లర్కును పిలిచి నా సస్పెన్షన్ ఆర్డరు టైపు చెయ్యమన్నాడు. నవ్వతా సస్పెండ్ చేసిన ఆఫీసర్ను నేను ఆయన్నొక్కన్నే చూసినా. పోయేటప్పుడు మాత్రం "ఆ లైన్‌మన్ మెమో సంగతి నేను చూసుకుంటాలే, వెళ్ళు" అన్నాడు. ఆ ఒక్క మాటకోసమే నేను పోయింది.

బస్సు దిగి నేరుగా లైన్‌మన్ ఇంటికి పోయినా. ఈసారి పండ్లు తీసుకుపోలేదు.

"రాసిచ్చి వచ్చినా అన్నా. గొంతు నీది కాదని నాకు తెలుసునని, బుక్కులో రాసింది అబద్ధమని. సస్పెండ్ చేసినారు. నీ మెమో తీసేస్తారు."

నేను నేలమీద కూర్చున్నా.

"నీకు చేసింది తప్పన్నా. నన్ను క్షమించు."

చూడండి, అన్ని రోజుల్లో ఆ మాట ఆయన మొహం మీద చెప్పడం అదే మొదలు. దేవునికి నూరుసార్లు చెప్పింటి. సంఘానికి మైకులో చెప్పింటి. ఏండ్లతరబడి ఒక ప్లేటులో తిన్న మనిషికి చెప్పేదానికి మాత్రం నాకు నాలుక రాలేదు. దేవునికి చెప్పేది ఎందుకంత సులభమో తెలుసా? దేవుని కాలికి కట్టు ఉండదు కాబట్టి.

"అడిగినావు. ఇన్నా" అన్నాడు.

"మరి?"

"మరేమి? నేను కూడా నీ మాదిరి అబద్ధం రాయల్నా? లోపల ఇంకా మంట ఉండాదప్పా నీ మీద. ఉండంగానే లేదని ఎట్ల చెప్తా? తగ్గినప్పుడు చెప్తాలే." లోపలికి కేకేసినాడు. "ఏమే, టీ పెట్టు. ఈనికి సస్పెన్షన్ అంట, చక్కెర రొంత ఎక్కువ వెయ్యి."

ఆ నెలలన్నీ నాకు పనేముండాది? నా బైకు మీద ఆయన్ను కదిరి ఆస్పత్రికి తీసుకుపోయేది, తీసుకొచ్చేది. వారానికొకసారి బైకు మీద ఎనక్కి తిరిగి అడుగుతాంటి.

"ఎట్లుండాదన్నా ఇప్పుడు మంట?"

"కాలుదా, లోపలదా?"

"రెండూ."

"కాలుది తగ్గింది."

మళ్ళీ వారం అదే మాట. ఒకసారి విసుక్కొని, "నువ్వడిగేది నాకోసమా, నీకోసమా? నా పుండు మీద పట్టీ తీసి తీసి చూస్తాంటే అది మానేదెట్లా?" అన్నాడు. ఆ రోజునుంచి అడగడం మానేసినా. అడిగేది నా వంతు, అయిపోయింది. ఇచ్చేది ఆయన వంతు. ఎప్పుడిస్తాడనేది కూడా ఆయన వంతే. ఇంత చిన్న సంగతి నాకు తెలిసేదానికి ఒక సస్పెన్షన్ కావాల్సి వచ్చింది.

ఆయన మెమో తీసేసినారు. తప్పు ఆయనది కాదని కాగితం వచ్చిన రోజు, దాన్ని టీ అంగడి కాడ ఒక్కొక్కనికీ చదివి వినిపించినాడు. చదవడం వచ్చినోళ్ళకు కూడా చదివే వినిపించినాడు. ప్రమోషన్ వచ్చే ఏడాదికి చూస్తామన్నారు. కొద్దిగా కుంటుతా మళ్ళీ స్తంభాలెక్కే పనిలోకి వచ్చినాడు. నాకు ఇంక్రిమెంట్లు కోసేసి, అదే సబ్‌స్టేషన్లో మళ్ళీ కూర్చోబెట్టినారు. అందరూ కత సుఖాంతం అనుకున్నారు. అయ్యగారు కూడా అట్లే అనుకున్నాడు.

కాలేదు. నాకొక్కనికే తెలుసు కాలేదని. ఆయన నాతో మాట్లాడతాడు, ఉగ్గాని తింటాడు, మా దేవుని మీద జోకులేస్తాడు. కానీ నా షిఫ్టులో స్తంభం ఎక్కడు. ఎల్.సి. కోసం ఫోన్ చేసి నా గొంతు వినగానే, "ఓ, నువ్వా? సరేలే, మధ్యాహ్నం చూసుకుంటా" అని పెట్టేస్తాడు. నా డ్యూటీ అయిపోయి ఇంకొకడొచ్చినాక ఎక్కుతాడు. వాళ్ళూ వీళ్ళూ గమనించలేదు గానీ, ఫోను కట్ అయిన ప్రతిసారీ నాకు చెంప మీద కొట్టినట్లే ఉండేది. కోపమన్నా ఉంటే బాగుండు. కోపం లేదు, భయం. నా చేతులంటే ఆయనకు భయం. అది మాటలతో పోయేది కాదు. ఎన్ని పాటలు పాడినా, ఎన్ని పండ్లు కొనుక్కుపోయినా పోయేది కాదు. పిల్లోళ్ళూ, కిరస్తానం వాళ్ళమైనా ఎవరమైనా, క్షమించు క్షమించు అని ఎదుటోన్ని తొందరపెట్టే ముందు ఇది కొంచెం ఆలోచించండి. నేను రెండేండ్లు ఆలోచించినా, వేరే దారి లేక.

ఆ రెండేండ్లూ నేను ప్రతి ఎల్.సి.కి, ఎవరిదైనా సరే, నంబరు రెండుసార్లు చెప్పించుకొనేటోన్ని. నన్ను ముసలి గొణుగుడు అని ఎగతాళి చేసినారు. చేసుకోండి పోండి అన్నా.

ఒక ఆషాఢమాసం. మా పక్క ఆ నెల గాలి చెప్పల్నా, మనుషుల్నే తోసేస్తాది. పొద్దున పదిన్నరకు ఫోను మోగింది. ఆయన.

"డ్యూటీ ఎవరు?"

"నేనేనన్నా."

ఇంక పెట్టేస్తాడనుకున్నా. నా డ్యూటీ ఇంకా మూడు గంటలే. ఆయన ఆగొచ్చు, అంత అర్జెంటు పనేమీ కాదు, ఒక ఇన్సులేటర్ పగిలింది. అటుపక్క గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"రాసుకో" అన్నాడు. "ఎల్.సి. ఇయ్యి."

కరెంటు తీసేసినా. రాసుకున్నా. నంబరు చెప్పినా. కంట్రోల్ రూము తలుపు లోపలినుంచి గడి పెట్టి, బ్రేకరు ముందర కుర్చీ వేసుకొని కూర్చున్నా. గేటు కాడికి ముగ్గురు రైతులు వచ్చి అరిచినారు. ఆ పొద్దు మా తాతను కూడా తిట్టినారు. తిట్టుకోండప్పా, ఆయన మంచోడు, ఏమీ అనుకోడు. దాహమేసినా లేవలేదు. ముప్పావుగంట ఆ బ్రేకరు మీదనుంచి చూపు తిప్పలేదు. ప్రార్థన చేద్దామనుకున్నా గానీ ఒక్క మాట రాలేదు. "దించు స్వామీ, దించు స్వామీ" అనుకుంటా ఉంటి, అంతే.

ఫోను మోగింది.

"ఎవరు మాట్లాడేది?" అన్నా.

"ఏమప్పా, నా గొంతు తెలీదా?"

"తెలుసు. నంబరు చెప్పు."

చెప్పినాడు.

"ఇంకోసారి చెప్పు."

తిట్టి, చెప్పినాడు.

"దిగినావా?"

"దిగినా."

"యాడుండావు ఇప్పుడు?"

"రోడ్డు మీద నిలబడి బీడీ ముట్టించుకుంటాండా. గాలికి అంటుకోల్యా. ఇంకేమన్నా కావాల్నా నీకు, నా జాతకం గీతకం?"

"అన్నా, మీ ఇంట్లో ఆ పొద్దు నేనడిగినది..."

అటుపక్క ఇంకొక అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది.

"నీ డ్యూటీలో ఎక్కినా కదప్పా" అన్నాడు. "ఇంకా నోటితో కూడా చెప్పల్నా?"

ఫోను పెట్టేసినాడు. నేను కరెంటిచ్చినా. బుక్కు తెరిచి టైము రాయబోతే గడులు కనబడలేదు. కండ్లు తుడుచుకొని, గోడ గడియారం సరిగ్గా చూసి, ఎంతయిందో అంతే రాసినా.